అక్క లైటు

తొండుపల్లిలో ఒకప్పుడు ఎవరినైనా ఆపి నిర్మల ఎవరని అడిగితే, ఇది కూడా తెలియదా అన్నట్టు ఎగాదిగా చూసేవాళ్లు. చెన్నయ్య బిడ్డ, కరెంటు డాక్టరమ్మ అనేవాళ్లు. డాక్టరంటే దవాఖాన డాక్టరు కాదని, కరెంటు మీద పరిశోధన చేసి ఆ పేరు తెచ్చుకుందని విడమరిచి చెప్పే ఓపిక వాళ్లలో ఎవరికీ లేదు. ఒక ముసలావిడైతే మోకాళ్ల నొప్పులకు మందు రాసిమ్మని ఆమె కారుకు అడ్డంగా నిలబడింది. నిర్మల నవ్వి, ఆవిడను కారెక్కించుకుని శంషాబాద్ దవాఖానలో చూపించి, మళ్లీ ఇంటి ముందు దించి మరీ పోయింది. ఊరు ఆ సంగతిని చాలాకాలం చెప్పుకుంది. ఇప్పుడు అదే ఊళ్లో ఆమె పేరెత్తితే మాట మార్చేస్తున్నారు. అంత పేరు ఎలా వచ్చింది, వచ్చింది ఎలా పోయింది, ఆ సంగతే ఇది.

చెన్నయ్యకు ఊరి బయట బోరు కింద కొద్దిగా పొలం ఉండేది. ఆ రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయినా, తీగ తెగినా కరెంటాఫీసుకు కబురు పెట్టడం ఉత్త మాటే. వాళ్లు వచ్చేలోపు నారు ఎండిపోయేది. అందుకని రాములు వెళ్లేవాడు. రాములు కరెంటాఫీసు మనిషేం కాదు, చెన్నయ్య పొలంలో పనికొచ్చేవాడు. కాస్త గుండెధైర్యం ఉన్నవాడు కనుక ఊరంతా ఆ పని అతని నెత్తిన పెట్టింది. స్తంభం మీద చెయ్యి పెట్టేముందు అతను గొలుసు విసిరేవాడు. ఇనుప గొలుసు ఒక కొసను భూమిలో దిగ్గొట్టిన కమ్మీకి కట్టి, రెండో కొసను తీగల మీదికి విసరడం. తీగలో కరెంటుంటే చిటపటమని నిప్పులు రాలతాయి, లేకపోతే గొలుసు ఊరికే వేలాడుతుంది. అది చూసుకున్నాకే ఎక్కాలి. ఒక మధ్యాహ్నం ఆ గొలుసును పక్క పొలంవాళ్లు పట్టుకుపోయారు. మడి ఎండుతోందని అందరూ తొందరపెట్టారు. రాములు గొలుసు లేకుండానే ఎక్కాడు.

నిర్మల అప్పుడు ఎనిమిదో తరగతి. బాపుకు సద్ది తీసుకుని గట్టు మీద వస్తూ అంతా చూసింది. చెన్నయ్య వెదురుకట్టెతో తీగను కొట్టి రాములును కిందికి దించేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. ఆ పిల్ల ఏడవలేదు. తీగలో కరెంటు ఉందో లేదో కిందున్న మనిషికి ఎట్లా తెలియాలని బాపును అడిగింది. తెలియదు బిడ్డా, అందుకేగా గొలుసు అన్నాడాయన. అయితే గొలుసు లేని రోజు చావాల్సిందేనా అని ఆ పిల్ల అడిగింది.

ఆ ప్రశ్నే ఆమెను చదివించిందంటే నేను నమ్ముతాను. మిగతావన్నీ దానికి అడ్డం పడ్డవే. పొలం విమానాశ్రయం కిందికి పోయింది. ఆ దిగులుతోనే చెన్నయ్య మంచం పట్టి పోయాడు. తల్లి అంతకుముందే లేదు. చిన్నమ్మ రుక్కమ్మ, అంటే చెన్నయ్య తమ్ముడి భార్య, నిర్మలను తన ఇంట్లో ఉంచుకుంది. రుక్కమ్మ భర్త కూడా ఎక్కువకాలం బతకలేదు. ఆవిడ బర్రెల పాలమ్మి ఇటు తన కొడుకు చందును, అటు నిర్మలను సాకింది. శంషాబాద్ బడిలో పది, నగరంలో ఇంజనీరింగు, ఆ తర్వాత బెంగళూరులో పరిశోధన. బెంగళూరులో మొదటి ఏడు ఆమె ఇంగ్లీషు విని నవ్వినవాళ్లున్నారు. అక్కడ ఆమె ఒక ఆయుధం సంపాదించింది. పల్లెల్లో కరెంటు గురించి ఎవరైనా నోరు తెరిస్తే చాలు, నేను పొలం గట్టు మీద పెరిగినదాన్ని, నాకు చెప్తారా అనేది. ఎదుటివాళ్ల నోళ్లు మూతపడేవి. నిజం కూడా కనుక ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవారు.

చదువయ్యాక కాటేదాన్‌లో స్విచ్చులూ బ్రేకర్లూ తయారుచేసే ఒక కంపెనీలో చేరింది. అప్పటికి అక్కడ పరిశోధన విభాగమంటే క్యాంటీన్ పక్కన ఒక ఇరుకు గది, పాడైన రెండు మీటర్లు. దాన్ని పట్టుకుని వేలాడింది. మరమ్మతు విభాగానికి పనికిరారన్న పిల్లల్ని తెచ్చుకుని తయారుచేసింది. పదేళ్లు తిరిగేసరికి ఆ గది ఒక భవనమైంది, ఆమె దానికి అధిపతి అయింది. పెళ్లి చేసుకుంది. భర్త హరిప్రసాద్ కాలేజీలో లెక్కలు చెబుతాడు, నెమ్మదస్తుడు. కాపురం రాజేంద్రనగర్‌లో పెట్టారు. ఊరికి పండక్కో పబ్బానికో వెళ్లేది. కారు తిన్నగా రుక్కమ్మ వాకిట్లో ఆగేది, వాకిట్లోంచే తిరిగి వెళ్లేది. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఊరి గురించి గంటలు గంటలు మాట్లాడే మనిషి ఊళ్లో నాలుగడుగులు నడిచి ఎన్నేళ్లైందో ఆమెకే తెలియదు.

ఆమె తయారుచేసింది ఒక దీపం. స్తంభానికి మనిషి ఎత్తులో బిగిస్తారు. సబ్‌స్టేషన్ నుంచి లైనుకు కరెంటు ఇస్తున్నంతసేపూ ఎర్రగా వెలుగుతుంది. మరమ్మతు కోసం సబ్‌స్టేషన్‌లో ఆ లైను స్విచ్ దించగానే, ఫోన్లు మాట్లాడుకునే సిగ్నల్ మీదే కబురందుకుని, ఆ లైను పొడుగునా దీపాలన్నీ పచ్చగా మారతాయి. పచ్చగా ఉంటే ఎక్కు, ఎర్రగా ఉంటే ఎక్కకు. చదువు రానివాడికీ తెలుస్తుంది. చవక, చిన్నది, వానకు తడిసినా పాడవదు. కంపెనీ దానికేదో గొప్ప పేరు పెట్టింది కానీ ఆ పేరు ఎవరూ పలకలేదు. చందు పెట్టిన పేరే నిలిచింది. అక్క లైటు.

చందు అప్పటికి ఐటీఐ చదివి లైన్‌మన్ అయ్యాడు. కాంట్రాక్టు నౌకరీయే, కానీ వాడి నడక చూస్తే కరెంటంతా వాడి ఇంట్లోంచే వస్తుందనుకోవాలి. చదివించింది నిర్మల. ఆమె వాడికి పెద్దనాన్న కూతురే అయినా, వాడి నోట అక్క అనే మాట సొంత అక్కను పిలిచినట్టే వచ్చేది. చాయ్ హోటల్లో, మీసేవ దగ్గర, విమానాశ్రయం గేటు కాడ ఆటోవాళ్లతో, ఎక్కడ నిలబడినా మా అక్క అనే మొదలుపెట్టేవాడు. వినీ వినీ విసుగొచ్చి, ఇగ ఆపరా నాయనా అని స్నేహితులు చేతులు జోడించేవాళ్లు.

దీపాలను ముందుగా ఎక్కడ పెట్టి చూడాలని కంపెనీలో మాటొచ్చినప్పుడు తొండుపల్లి, దాని పక్కనున్న మామిడిపల్లి అని నిర్మలే చెప్పింది. ఆ సమావేశంలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. పేరు ప్రసన్నలక్ష్మి, తెనాలి వైపు పిల్ల, విభాగంలో చేరి ఏడాది కూడా కాలేదు. తొండుపల్లిలోనే ఒక ఫంక్షన్ హాలు పక్కన గది కిరాయికి తీసుకుని ఉంటోంది.

“మేడమ్, ఈ దీపం స్విచ్ సంగతి చెబుతుందండీ, తీగ సంగతి కాదు కదా,” అంది. “మా పక్క హాల్లో కరెంటు పోతే జనరేటర్ వేస్తారు. ఆ శబ్దానికి నాకు నిద్రుండదు. దాని కరెంటు వెనక్కి లైనులోకి వస్తే, దీపం పచ్చగానే ఉంటుంది కదండీ?”

మంచి ప్రశ్న. ఇళ్లకు దిగేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌లో తగ్గి దిగే కరెంటు, వెనక్కి పంపితే అంతకంత పెరిగి పైకెక్కుతుంది. జనరేటర్‌ను బయటి లైనుతో కలవనివ్వని మార్పిడి స్విచ్ హాలువాళ్లు సరిగా పెట్టుకుంటే ప్రమాదం లేదు. పెట్టుకోకపోతే చచ్చిన తీగ బతుకుతుంది. తీగలో కరెంటును నేరుగా పసిగట్టే భాగం ఒకటి కలిపితే సరిపోయేది. కానీ దీపం బరువెక్కుతుంది, ఇంకో ఏడు ఆలస్యమవుతుంది. నిర్మల వాటన్నిటి గురించీ ఆలోచించి కాదన్నట్టయితే నేనీ కథ ఇంకోలా చెప్పేవాణ్ణి. ఆమె ఆలోచించలేదు. పాత ఆయుధం తీసింది. అక్కడ ఉన్నవి బోరుమోటార్లమ్మా, జనరేటర్లు కావు, ఆ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని నేను, ఏడాది కిరాయికున్నదానివి నువ్వు నాకు చెప్తావా అంది. గదిలో అందరూ నవ్వారు. ప్రసన్నలక్ష్మి కూర్చుంది.

దీపాలు బిగించిన రోజు తొండుపల్లి పంచాయతీ ఆఫీసు ముందు లైన్‌మన్లందరినీ కూర్చోబెట్టి నిర్మల మాట్లాడింది. రాములు సంగతి చెప్పింది. చెబుతూ కన్నీళ్లు పెట్టుకుంది. అవి దొంగ కన్నీళ్లు కావు. చివర్లో, ఎవరో గొలుసు సంగతేమిటని అడిగితే, ఇక ఆ గొలుసు మోసుకు తిరిగే బాధ మీకు లేదు, పచ్చ దీపం చూసి ఎక్కండి అంది. నియమాల పుస్తకంలో గొలుసు మాట అలాగే ఉంది. దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. నోటి మాటతో ఆమె కొట్టేసింది. లైన్‌మన్లు చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా చందు.

ఏడాది పాటు అంతా బాగానే నడిచింది. పత్రికల్లో ఆమె ఫోటోలు వచ్చాయి. రాష్ట్రమంతా పెట్టడానికి మాటలు మొదలయ్యాయి.

పెళ్లిళ్ల కాలంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, ఊరి చివర ఫంక్షన్ హాలుకు పోయే లైనులో మూడు తీగల్లో ఒకటి తెగింది. మర్నాడు పొద్దున చందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాడు. తోటివాడు వీరేందర్ కొత్త తీగ తేవడానికి బండి మీద వెళ్లాడు. దీపం పచ్చబడింది. చందు ఎక్కాడు. లోపల హాల్లో పెళ్లి జరుగుతోంది, లైను మొత్తం ఆపడంతో ఫ్యాన్లు ఆగాయి, ఉక్కకు పెళ్లివారు గోల చేశారు. హాలువాళ్లు జనరేటర్ వేశారు. మార్పిడి స్విచ్ ఎప్పుడో కాలిపోతే దాన్ని పక్కన పడేసి తీగలు నేరుగా కలిపేశారట. ఆ సంగతి తర్వాత తెలిసింది. జనరేటర్ కరెంటు వెనక్కి తీగలోకెక్కి కొట్టడంతో చందు స్తంభం మీంచి స్వాగత ద్వారానికి కట్టిన పందిరిగుడ్డ మీద పడ్డాడు. అందుకే ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మాత్రం కాలి బొగ్గైపోయింది, మోచేతి పైదాకా తీసేశారు.

కబురు అందేసరికి నిర్మల ఆఫీసులో ఉంది. దవాఖానకు పరుగెత్తబోయి, ఏదో పట్టి లాగినట్టు తన గదిలోకి వెళ్లి కంప్యూటర్ తెరిచింది. దీపాలు ఎప్పుడు ఏ రంగులో ఉన్నాయో అందులో కనిపిస్తుంది. చందు ఎక్కిన స్తంభం మీద దీపం అంతసేపూ పచ్చగానే ఉంది. దీపం పాడైతే బాగుండునని ఆ క్షణంలో ఆమె కోరుకుంది. పాడు కాలేదు. ఆమె ఎలా తయారుచేసిందో అలాగే పనిచేసింది. గుమ్మంలో ప్రసన్నలక్ష్మి నిలబడి ఉంది.

“నువ్వు చెప్పినవు గదా,” అంది నిర్మల.

“చెప్పానండీ,” అందా పిల్ల. తిట్టినా బాగుండేది.

దవాఖానలో మూడో రోజు చందు మాట్లాడగలిగాడు. నిర్మల లోపలికి వెళ్లేసరికి కరెంటాఫీసు అధికారులు వాడి వాంగ్మూలం తీసుకుని వెళ్లిపోయారు. తప్పంతా తనదేనని వాడు వాళ్లకు చెప్పాడు. దీపం ఎర్రగానే ఉందట, తానే చూసుకోలేదట, గొలుసు కూడా మరిచిపోయాడట. నిర్మల మంచం పట్టె మీద కూర్చుంది.

“ఎందుకురా గట్ల చెప్పినవ్? పచ్చగుండె. నేను చూసిన,” అంది.

“ఉంటే ఉండె. రాష్ట్రమంతా పెడ్తరంట గద నీ లైటు. నా ఒక్కనితోని ఆగాల్నా అక్కా? ఎవలడిగినా నువ్వు గూడ గట్లనే చెప్పు.”

పక్కనే రుక్కమ్మ కొడుకు కాళ్లు పిసుకుతోంది. తలెత్తలేదు. ఆవిడకు ఎంత అర్థమైందో, ఎంత కానట్టు ఊరుకుందో నిర్మలకు తెలియలేదు. సొంత నిర్లక్ష్యంతో చెయ్యి పోగొట్టుకున్న కాంట్రాక్టు మనిషికి ఏమీ రాదు. నౌకరీ పోతుంది, పరిహారం పోతుంది. తప్పు వాడిది కాకపోతే సబ్‌స్టేషన్‌లో కూర్చుని చేసే పనైనా ఇస్తారు. ఆ సంగతి చెప్పి చూసింది. చందు వినలేదు. మొఖం అటు తిప్పుకుని, జర నిద్రొస్తుంది, నువ్వు పో అన్నాడు.

కంపెనీ యజమాని అరవింద్ చెడ్డవాడేం కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఆమె ఆ పూటే ఎదురు తిరిగేది. అతను ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా మాట్లాడాడు.

“మనం ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదు మేడమ్. ఆయనే చెప్పేశారు. మనం ఊరుకుంటే చాలు. లోపం మెల్లగా సరిచేసుకుందాం. చందును కంపెనీ చూసుకుంటుంది. మీరిప్పుడు నోరు విప్పితే ఈ విభాగం ఉండదు, ఇందులోని పిల్లలు ఉండరు, రేపు ప్రాణాలు కాపాడే ఆ దీపమూ ఉండదు.”

నిర్మలకు అందులో తప్పేమీ కనపడలేదు. ఇది దాచిపెట్టి లాభం లేదు, ఆమెకు ఊరుకోవాలనే అనిపించింది. రెండు రోజులు ఊరుకుంది కూడా. అన్నం సయించలేదు. హరిప్రసాద్ ఏమైందని అడిగితే విసుక్కుంది. తనకు తాను నచ్చజెప్పుకోవడానికి దారులు వెతికింది, దొరికాయి. చదువుకున్నవాళ్లకు అవి తొందరగానే దొరుకుతాయి. చందు అడిగిందీ అదే కదా, వాడి మాట నిలబెడుతున్నట్టే కదా అనుకుంది.

మూడో రోజు పొద్దున దవాఖానకని బయలుదేరి, ఎందుకో బండిని మామిడిపల్లి మీదుగా తిప్పింది. రోడ్డు పక్క స్తంభం మీద పచ్చ దీపం వెలుగుతోంది. దాని పైన ఒక లైన్‌మన్ ఎక్కుతున్నాడు. గొలుసు లేదు. నిర్మల కారు నడిరోడ్డు మీద ఆపేసి, దిగి, దిగిపో దిగిపో అని అరిచింది. వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టారు. పైనున్నవాడు ఆమెను గుర్తుపట్టి నవ్వాడు.

“ఏంది మేడం పరేషానైతున్నరు? పచ్చగున్నది గద. మీరే చెప్తిరి.”

వాడు దిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. నిలబడి, చాలా ఏళ్ల తర్వాత, ఆ ప్రాంతాన్ని చూసింది. తన కళ్లలో ఉన్న మడులు లేవు, బోర్లు లేవు. ఈ పక్క ఫంక్షన్ హాలు, దాని పక్కన రిసార్టు, గోడ వెనక ఎవరివో ఫామ్‌హౌసులు, ఎదురుగా పెట్రోలు బంకు, విమానాల సరుకు దించే గోదాములు. ప్రతిదాని వెనకా డబ్బా లాంటి జనరేటర్. కారులో అద్దాలెత్తుకుని ఎన్నిసార్లు పోలేదు ఈ దారిన! ప్రతి జనరేటర్ దగ్గరా ఒక స్తంభం, ప్రతి స్తంభం మీదా తన దీపం. ఊరుకుంటే దీపాలు అలాగే ఉంటాయి. ఎందుకో చెప్పకుండా వాటిని దింపించే దారి లేదు. సరిచేసేదాకా ఎంతమంది ఎక్కాలి? ఆమెకు సిగ్గేసింది.

విచారణ శంషాబాద్‌లోని ఒక ఆఫీసులో పెట్టారు. అధికారులు నలుగురు. కట్టు విప్పని భుజంతో చందును కూడా తెచ్చి కూర్చోబెట్టారు, పక్కన రుక్కమ్మ. వెనక వరసలో లైన్‌మన్లు, అరవింద్, ప్రసన్నలక్ష్మి. నిర్మల లేచింది. దీపం పచ్చగా ఉందని, అది స్విచ్‌ను చూస్తుందే తప్ప తీగను చూడదని, ఆ లోపం గురించి తన విభాగంలో ప్రసన్నలక్ష్మి అనే ఇంజనీరు ముందే చెప్పినా తాను నవ్వి తోసేశానని చెప్పింది. గొలుసు అక్కర్లేదని లైన్‌మన్లకు చెప్పింది కూడా తానేనంది. అలాంటి ఉత్తర్వేమైనా ఉందా అని పెద్ద అధికారి అడిగాడు. లేదు, నోటితో చెప్పానంది. ఆయన చందు వాంగ్మూలం తీసి చూపించాడు. దీపం ఎర్రగా ఉందని గాయపడ్డవాడే అంటుంటే మీరేమిటి అమ్మా అన్నాడు.

“వాడు నా చిన్నాన్న కొడుకు. నా పేరు పోవద్దని అట్ల చెప్పిండు,” అంది నిర్మల.

చందు లేచి నిలబడ్డాడు. నిలబడటానికి ఆనుకోబోయిన చెయ్యి లేదు, తూలాడు, రుక్కమ్మ పట్టుకుంది.

“అక్క అబద్ధం చెప్తుంది సార్. ఎర్రగుండె. నా పాణం మీద ఒట్టు.”

నిర్మల వాడి వైపు చూడకుండా కంప్యూటర్ తెరిచి, ఆ స్తంభం, ఆ సమయం, ఆ రంగు అధికారుల ముందు పెట్టింది. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. చందు అలాగే నిలబడి ఉన్నాడు. ఇక కూర్చో నాయనా అని పెద్ద అధికారి మెల్లగా అన్నాక కూర్చున్నాడు. తమ్ముడు చెయ్యి పోగొట్టుకున్నాక కూడా తన కోసం చేసిన ఆ ఒక్క పనిని నలుగురి ముందు అబద్ధమని రుజువు చేయాల్సి వచ్చింది. ఆమె జీవితంలో చేసిన పరిశోధనలన్నిటిలో అంత కష్టమైనది ఇంకొకటి లేదు.

ఆ వారంలోనే దీపాలన్నీ దింపేశారు. రాష్ట్రం మాట ఆగిపోయింది. ఆమెను విభాగం అధిపతిగా తీసేసి, పాత స్విచ్చుల పరీక్షలు చూసుకోమని కింద గదిలో కూర్చోబెట్టారు. అరవింద్ ఎదురుపడితే తల వంచుకుని పోతున్నాడు. విభాగంలో సగం పిల్లలు వేరే కంపెనీలకు వెళ్లారు, ప్రసన్నలక్ష్మి మాత్రం ఉంది. చందుకు పరిహారం వచ్చింది, సబ్‌స్టేషన్‌లో పని కూడా వచ్చింది. ఊరు ఒక్కసారిగా తిరగబడింది. గంత చదివి సొంత తమ్ముని చెయ్యి తీసిందని ఒకరు, పేరు కోసం చేసిందని ఇంకొకరు, నిజం చెప్పింది కదా అని ఎక్కడో ఒకరిద్దరు. మొదటి మాట నిజమేనని ఆమె కూడా అనుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నిర్మల కారును ఊరి మొదట్లోనే వదిలేసి రుక్కమ్మ ఇంటికి నడిచి వెళ్లింది. చందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముందు కంచంలో అన్నం, పప్పు. తినడం లేదు. ఎడమచేత్తో తినడం వాడికి చేతకాదు, చేతనైనా మనసొప్పదు. ఈడొచ్చిన మగవాడు తల్లి చేతి ముద్ద కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. రుక్కమ్మ పెరట్లో బర్రెకు నీళ్లు పెడుతోంది, నిర్మలను చూసి లోపలికి రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. నిర్మల అరుగు కొసన కూర్చుంది. నొప్పులెట్లున్నాయని అడిగింది.

“చెయ్యి పోతే పోయింది తియ్యక్కా,” అన్నాడు వాడు, రోడ్డు వైపు చూస్తూ. “మా అక్క అని నలుగురికి చెప్పుకుంటుంటి. నాకున్నదే గదొక్కటి. అది గూడ తీసేస్తివి.”

“తీసేసిన,” అంది నిర్మల. “నువ్వు గట్ల చెప్పుకోవాలని నాకు గూడ ఉండెరా.”

క్షమించమని అడగాలని వచ్చింది, అడగలేకపోయింది. లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, వాడి ముందున్న కంచం తన ఒళ్లోకి తీసుకుంది. పప్పు కలిపి ముద్ద చేసి వాడి నోటి దగ్గర పట్టుకుంది. చందు మొఖం తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి దించలేదు. పెరట్లోంచి రుక్కమ్మ చూస్తూ నిలబడింది. ఎంతసేపటికో వాడు ఇటు తిరిగి నోరు తెరిచాడు. కంచం ఖాళీ అయ్యేదాకా ఆమె పెట్టింది, వాడు తిన్నాడు. ఆమె మొఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.